చెక్క మీద ఎడంచేతి పాఠం

పోయినేడు జూన్‌లో మా పాపని బడిలో వేసి మూడో రోజే మాన్పించాను. అప్పటికి దానికి నాలుగేళ్లు. తెనాలిలో మేమున్న వీధి చివరే బడి. మొదటి రోజు దాన్ని దింపి, ఎదురుగా సైకిల్ షాపు పక్కన మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. రెండో రోజు సాయంత్రం దాకా నిలబడ్డాను. సైకిల్ షాపతను స్టూలు తెచ్చి వేశాడు. మూడో రోజు బడి ఆయా బయటికొచ్చింది.

"అమ్మా, పెద్ద మేడమ్‌గారు మిమ్మల్ని ఇంటికెళ్లమంటున్నారండి. కిటికీలోంచి మీరు కనబడుతుంటే మిగతా పిల్లలు కూడా వాళ్లమ్మలు కావాలని ఏడుస్తున్నారంట."

నేను లోపలికెళ్లి పాప చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాను. పాప ఏడవలేదు. పలక అక్కడే వదిలేశామని మాత్రం రెండు మూడు సార్లు అంది.

ఆ వారంలోనే రేపల్లె నుంచి అత్తయ్యగారు వచ్చారు. ఆవిడది చెప్పదలుచుకున్నది కూర్చోకుండానే చెప్పే పద్ధతి. సంచి గుమ్మంలో పెట్టి, మా ఆయన్ని కూడా పిలిచి, ఇద్దరి ముందూ అన్నారు.

"ఈ ఏడు పోనీండి. చిన్నపిల్లే. వచ్చే జూన్‌లో కూడా ఇదే వరసైతే పిల్లని నేను తీసుకుపోతా. రేపల్లెలో బడులు లేవా? నా దగ్గరుండి చదువుకుంటుంది."

మా ఆయన తల ఊపారు. ఆయన తల ఊపింది వాళ్లమ్మకా, నాకా అని అప్పుడు అనుమానపడ్డాను. తానూ వాళ్లమ్మా ముందే మాట్లాడుకున్నామని తర్వాత ఆయనే చెప్పారు. వచ్చే జూన్ అంటే ఏడాది ఉంది. ఏడాది చాలా దూరంలా అనిపించలేదు, దగ్గరలానూ అనిపించలేదు.

అప్పటికి మా బాబు పోయి నాలుగు నెలలు. ఎనిమిది నెలల పిల్లవాడు. ఆ రోజు నేను బాపట్ల వెళ్లాను. నేను డిగ్రీ చదివిన కాలేజీ అక్కడే, అమ్మావాళ్లుండేదీ అక్కడే. సర్టిఫికెట్ తెచ్చుకోకుండా ఆరేళ్లు గడిపేశాను, టీచరు ఉద్యోగం దరఖాస్తుకి అది కావాల్సి వచ్చింది. అత్తయ్యగారు మా ఇంట్లో ఉన్నారు. బాబుకి పొద్దున్నే కాస్త ఒళ్లు వెచ్చబడింది. "పళ్లొస్తున్నాయిలే, నువ్వెళ్లి రా, నేను లేనా" అన్నారావిడ. సాయంత్రం బండి దిగి ఇంటికి నడిచొస్తుంటే మా వీధిలో జనం నన్ను చూసి పక్కకి జరిగారు. ఫిట్స్ వచ్చాయట. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే, అత్తయ్యగారి ఒళ్లోనే.

నేను పెద్దగా ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని అందరూ అనేవాళ్లు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, వంట చేసి, పడుకునేదాన్ని. అన్నం రుచి తెలిసేది కాదు, ఒకసారి కూరలో రెండుసార్లు ఉప్పేసి అదే తినేశాను. ఒక్క పాప విషయంలోనే నాకు పట్టింపు. అది నా చేతికి అందేంత దూరంలో ఉండాలి. వంట చేసేటప్పుడు దాని గౌను వెనకాల బెల్టుని నా కొంగుకి ముడేసుకునేదాన్ని. బావి దగ్గరికెళ్తే అదీ వచ్చేది. పక్కింటావిడ "మీ అమ్మకి తోకొచ్చిందే" అని దాన్ని ఆటపట్టించేది. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

పియానో దగ్గరికి నేను వెతుక్కుంటూ వెళ్లలేదు. ఒక పొద్దున బజారు నుంచి వస్తుంటే పాపకి దాహమేసింది. చర్చి వెనక సందులో ఒక పెంకుటింటికి చిన్న బోర్డు ఉంది. పియానో నేర్పబడును, అన్ని వయసుల వారికి, అని రాసి ఉంది. గేటు తీసి మంచినీళ్లడిగాను. అరవై దాటిన ఆవిడ, తెల్లచీర, గ్లాసుతో బయటికొచ్చి పాపకి నీళ్లిచ్చి నన్ను చూసింది.

"నేర్చుకుంటావా?"

"పాపకి ఇంకా ఐదు కూడా నిండలేదండి."

"పాపని కాదమ్మా, నిన్నే అడిగాను."

ఎందుకు సరేనన్నానో నాకు తెలియదు. కాదనటానికి ఓపిక లేకపోయి ఉంటుంది. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన "కుట్టుమిషను నేర్చుకుంటావేమో అనుకున్నా" అన్నారు, అంతే.

ఆ టీచరుగారు మిషన్ బడిలో పాటల టీచరుగా చేసి రిటైరయ్యారు. మిషన్ బంగళా ఖాళీ చేస్తున్నప్పుడు అక్కడి పియానో ఎవరికీ అక్కర్లేకపోతే ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చుకున్నారు. గోడకానించి నిలబెట్టే రకం, బీరువా అంత బరువు. మన వైపు తేమకి దాని లోపలి చెక్కలు ఉబ్బి, వేళ్లతో నొక్కే మెట్లు పట్టేస్తాయని, కింద పలక వెనకాల చిన్న బల్బు ఒకటి ఇరవైనాలుగు గంటలూ వెలుగుతూ ఉంచేవారు. కరెంటు పోతే పిల్లలందరూ "టీచరుగారండీ, పియానోకి చలేస్తది" అని అరిచేవాళ్లు.

ఆరేళ్ల పిల్లల నుంచి అరవై ఎనిమిదేళ్ల ఆయన దాకా వచ్చేవాళ్లు ఆవిడ దగ్గరికి. కొల్లిపర నుంచి బస్సులో వచ్చే అక్కాచెల్లెళ్లు ఇద్దరు, నాటకాలకి హార్మోనియం వాయించే ఒకాయన, చర్చి పిల్లలు. అరవై ఎనిమిదేళ్ల ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నా పాఠం అయ్యాక ఆయన పాఠం. వరండాలో బెంచీ మీద అరగంట ముందే వచ్చి కూర్చునేవారు.

"ముప్ఫై ఐదేళ్లు ఒక్క ఈలే ఊదానమ్మాయ్" అన్నారు మొదటి రోజే. "ఒకటే స్వరం. రెండోది ఎలా ఉంటుందో చూద్దామని వస్తున్నా."

మొదటి పాఠానికి పాపని బల్ల మీద నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఎడంచేత్తో దాని గౌను పట్టుకుని కుడిచేత్తో మెట్లు నొక్కాను. టీచరుగారు కొన్నాళ్లు నన్ను అలాగే వాయించనిచ్చారు. కుడిచేతి పాఠాలే ఇచ్చారు. అన్నీ తెల్లమెట్ల మీదే. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్కపెడుతూ వాయించాలి. నాకు అది కుదిరింది. పాట నాకేమీ వినబడేది కాదు, అంకెలు వినబడేవి. "నువ్వు టైము తప్పవు" అని టీచరుగారు మెచ్చుకుంటుంటే పక్కవాళ్ల గురించి చెప్తున్నట్టు ఉండేది.

ఇంట్లో పియానో ఎవరికుంటుంది? అందుకని ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి స్టూడెంటు ఇంట్లోనూ ఒక చెక్క ఉండాలి. పియానో మెట్ల మీద పొడుగు కాగితం పరిచి, పెన్సిలుతో గీతలు గీసి ఆవిడే ఇస్తారు. ఆ కొలతకి చెక్క కోయించుకుని, మెట్లు రంగుల్లో వేయించుకోవాలి. రోజూ దాని మీద వేళ్లు ఆడించాలి. చప్పుడుండదు. నా చెక్క మీద బొమ్మ వేసింది నాటకాల తెరలు రాసే పెయింటరు. చాలా శ్రద్ధగా వేశాడు. నల్లమెట్ల కింద నీడలు కూడా వేశాడు, ముట్టుకుంటే లోపలికి దిగుతాయేమో అన్నట్టు. మధ్యలో టీచరుగారు చెప్పిన చోట ఎర్రచుక్క పెట్టాడు.

దాన్ని చూసి అత్తయ్యగారు ఒకసారి మా ఆయనతో అంటుంటే విన్నాను.

"వంటింట్లో టకటక వినబడుతుంటే అప్పడాల పిండి దంచుతోందేమో అనుకున్నానురా. తీరా చూస్తే ఉత్త చెక్క. దాని మీద వేళ్లు కొట్టుకుంటోంది. పాట లేదు పద్యం లేదు. డాక్టరుకి చూపించావా?"

"పోనీలే అమ్మా, అరుస్తోందా, కరుస్తోందా" అన్నారాయన.

మార్చి నెలలో టీచరుగారు పుస్తకం మూసేసి అన్నారు.

"ఇక ఎడంచెయ్యి కావాలి నాకు."

నేను గౌను వదల్లేదు.

"ఒక చెయ్యి పిల్లకి, ఒక చెయ్యి నాకు అంటే కుదరదమ్మాయ్. అలాగైతే కాళ్లతో తొక్కే హార్మోనియం నేర్చుకో, దానికి ఒక్క చెయ్యి చాలు. పాపని వరండాలో కూర్చోబెట్టు. తలుపు తీసే ఉంటుంది."

ఆవిడకి మా బాబు సంగతి తెలియదు. నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. పియానోకి రెండు చేతులు కావాలి గనక రెండు చేతులు అడిగారు. నన్ను బాగుచెయ్యాలని ఆవిడకి లేదు. అందుకేనేమో నేను ఆ మాట వినగలిగాను. పాపని తీసుకెళ్లి గార్డుగారి పక్కన కూర్చోబెట్టాను. బల్ల మీద నుంచి చూస్తే తలుపులోంచి దాని కాళ్లు, మోకాళ్ల కింద నుంచి, ఊగుతూ కనబడేవి. ఆ కాళ్లు ఆగినప్పుడల్లా నా వేళ్లు ఆగేవి. "కాళ్లు ఊపమ్మా, మీ అమ్మ ఆగిపోయింది" అని గార్డుగారు పాపకి చెప్పటం వినబడేది.

ఎడంచేతి పాఠంలో మొదటిసారి నల్లమెట్టు వచ్చింది. చుక్కకి ఎడమవైపు మొదటి నల్లమెట్టు, బొటనవేలు అక్కడికెళ్లాలి. అంతలోనే వేసవి సెలవులు. టీచరుగారు అన్నగారింటికి వెళ్తున్నానని, నెలన్నర పాటు రోజూ గంటసేపు చెక్క మీద ఎడంచెయ్యి చెయ్యమని చెప్పారు. చెక్కా పాపా నేనూ బాపట్ల వెళ్లాం.

చెప్పిన పని చేశాను. మధ్యాహ్నాలు నాన్న పడకకుర్చీ పక్కన నేల మీద చెక్క పెట్టుకుని కూర్చునేదాన్ని.

"ఏ పాటమ్మా అది?" అన్నారు నాన్న.

"పాట కాదు నాన్నా. ఎడంచెయ్యి."

"కుడిచెయ్యి ఎప్పుడొస్తుంది?"

"అది వచ్చేసింది."

"అయితే రెండూ కలిసినప్పుడు నన్ను లేపు" అని ఆయన కళ్లు మూసుకున్నారు.

జూన్ వచ్చింది. బడి తెరిచే సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఫీజు కట్టేశానని మా ఆయన చెప్పారు. నేను బడి గురించి ఆలోచించటం లేదు, అంటే దాని చుట్టూ తిరుగుతున్నాను గాని లోపలికి వెళ్లటం లేదు. గురువారం పాఠానికి పాపని తీసుకెళ్లి వరండాలో గార్డుగారి దగ్గర కూర్చోబెట్టి లోపలికెళ్లాను.

రెండు చేతులూ పెట్టి మొదలుపెట్టాను. ఎడంచేతి బొటనవేలు నల్లమెట్టు మీద పడాల్సిన చోట రెండు తెల్లమెట్ల మధ్య సందులో పడింది. రెండూ ఒకేసారి మోగాయి. కుక్క తోక తొక్కినట్టు ఉంది చప్పుడు. మళ్లీ వాయించాను, మళ్లీ అంతే. టీచరుగారు నా వేలు పట్టుకుని నల్లమెట్టు మీద పెట్టారు. చెయ్యి వదలగానే వేలు మళ్లీ అదే సందులోకి పోయింది. పది సార్లు, పదిహేను సార్లు. అది నా మాట వినటం లేదు. నెలన్నర రోజూ గంట నేర్చుకున్న చోటు దానికి బాగా తెలుసు.

"ఉండు ఉండు. ఇంట్లో దేని మీద వాయిస్తున్నావు నువ్వు?"

"చెక్క మీదేనండి. మీరిచ్చిన కొలతకే."

కాగితం ఇచ్చి గియ్యమన్నారు. గీశాను. తెల్లది, నల్లది, తెల్లది, నల్లది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత పియానో వైపు చూపించారు. నల్లమెట్లు రెండు, కాస్త ఖాళీ, మూడు, మళ్లీ ఖాళీ. నేను ఎనిమిది నెలల నుంచి వాటి ముందు కూర్చుంటున్నాను. అన్నిటికీ మధ్యలో నల్లమెట్టు ఉండదని ఆ రోజే చూశాను. చెక్క తెచ్చుకున్న రోజు పెయింటరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "టీచరమ్మగారు గీతల్లో అక్కడక్కడా నల్లవి మర్చిపోయారండి. పళ్లూడిన నోరులా ఉంది. నేను పూడ్చేశాను."

అది చెప్పాను. టీచరుగారికి నవ్వు మొదలైంది. దగ్గొచ్చిందాకా నవ్వారు.

"నెలన్నర తప్పు వాయించావు. పాపం, ఒక్కళ్లూ చెప్పలేదు. చెక్క కదా!"

నాకూ నవ్వొచ్చింది. గొంతులోంచి ఏదో గరగరమని వచ్చింది, అది నవ్వేనని కాసేపటికి తెలిసింది. ఇద్దరం కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాం. వేలుని మెల్లగా, ఒక్కొక్క అంకెకి, పాత చోటు నుంచి కొత్త చోటుకి లాగటం. ఆరుసార్లలో ఒకసారి సరిగ్గా పడింది. తర్వాత మూడింట్లో ఒకసారి. ఎంతసేపయిందో తెలియదు. గార్డుగారి పాఠం టైము దాటిపోయిందని గోడ గడియారం చూశాక తెలిసింది. అప్పుడు తలుపులోంచి చూశాను. కాళ్లు లేవు.

నేను పరిగెత్తలేదు. లేచి వరండాలోకి వెళ్లాను. గార్డుగారు ఒక్కరే ఉన్నారు.

"మీ అత్తగారొచ్చారమ్మాయ్. పాప నాన్నమ్మా అని వెళ్లి అతుక్కుంది. నేను నిన్ను పిలుస్తానంటే, వద్దు, వాయించుకోనీండి, ఇంటికి తీసుకెళ్తున్నానని చెప్పండి అన్నారావిడ. అప్పుడే అరగంటయింది."

అరగంట. ఆ అరగంటలో పాప నాకు గుర్తు లేదు. బాబు పోయిన రోజు బాపట్లలో కూడా, కాలేజీ ఆఫీసులో వరసలో నిలబడి ఉండగా పాత స్నేహితురాలు కనబడితే కాసేపు నవ్వుతూ మాట్లాడాను. ఎప్పుడూ ఆ కాసేపు దగ్గరే ఆగిపోతాను నేను. ఇంటికి నడిచాను. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంట్లో పాప నేల మీద కూర్చుని జంతికలు తింటోంది. దాని పక్కన ఒక సంచి. పైన దాని గౌన్లు కనబడుతున్నాయి.

"సాయంత్రం బండికి తీసుకెళ్తున్నా" అన్నారు అత్తయ్యగారు. "సోమవారం నువ్వు దింపలేవు. దింపినా గేటు దగ్గర నించుంటావు. మళ్లీ బాధ, పిల్లకీ నీకూ. మావాడు అడగలేక ఊరుకుంటున్నాడు. నేనే అంటున్నా."

"ఇవాళ అరగంట అది నాకు గుర్తు లేదండి" అన్నాను.

నేను అనాలనుకున్నది అది కాదు. ఆవిడ నా వైపు చూశారు. తప్పు ఒప్పుకుంటున్నానని మొదట అనుకున్నట్టున్నారు. తర్వాత పీట లాక్కుని కూర్చున్నారు. ఆవిడ మా ఇంట్లో మాట మధ్యలో కూర్చోవటం నేను చూడలేదు.

"వరండాలో నేనూ కాసేపు నిలబడ్డాను. నువ్వు లోపల నవ్వుతున్నావు. దాన్ని నేను తీసుకెళ్లేది నీ మీద కోపంతో కాదే. పసివాడు నా ఒళ్లో పోయాడు. నువ్వు ఒక్క మాటనలేదు నన్ను. అన్నా బాగుండేది. ఇది నా కళ్ల ముందుంటే కాస్త నిద్ర పడుతుందని."

నేను ఆవిడని ఏమీ అనకపోవటం మంచితనం కాదు. అనటానికి లోపల ఏమీ దొరకలేదు. కాని అది ఆవిడకెలా తెలుస్తుంది?

"సోమవారం నేనే దింపుతానత్తయ్యగారూ. మీరుండండి. నేను గేటు దగ్గర నించుంటే మీరే వచ్చి పాపని తీసుకెళ్లండి. నేను అడ్డు చెప్పను."

"ఎన్నాళ్లుండను?"

"వారం."

ఆవిడ సంచిలోంచి గౌన్లు తీసి దండెం మీద వేశారు.

సోమవారం దింపాను. పాప వెనక్కి తిరిగి చూడలేదు, దాని ముందు వెళ్తున్న పిల్ల జడకున్న రిబ్బను చూస్తూ వెళ్లిపోయింది. సైకిల్ షాపతను నన్ను చూసి స్టూలు తీయబోయాడు. వద్దన్నాను. నేరుగా చర్చి వెనక సందులోకి వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు నాకు పాఠం లేదు. గార్డుగారు వాయిస్తున్నారు, తప్పులు తడకలుగా, నాలుగు దగ్గర ఎప్పుడూ ఐదు అనేవారు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. టీచరుగారు ఒకసారి బయటికొచ్చి చూసి, మజ్జిగ ఇచ్చి వెళ్లారు. చేతులు ఒళ్లో పెట్టుకుని వేలుని సరైన చోటుకి లాగుతూ కూర్చున్నాను. ధైర్యం వచ్చిందని చెప్పలేను. బడి గంట ఆ సందులోకి వినబడదు, అంతే.

మంగళవారమూ అంతే. బుధవారం ఇంటికెళ్లి వంట చేశాను. గురువారం పాఠం. శుక్రవారం పాపకి జలుబు చేస్తే మానిపిద్దామన్నాను, అత్తయ్యగారే "జలుబుకి బడి మానిపిస్తారటే" అన్నారు గాని ఆవిడ చెయ్యి కూడా దాని నుదుటి మీద నుంచి కాసేపు రాలేదు. తర్వాత ఇద్దరం కలిసే వెళ్లి దింపాం. ఇద్దరిలో ఎవరం ముందు వెనక్కి తిరిగామో తెలియదు.

ఏడో రోజు ఆదివారం. సాయంత్రం రేపల్లె బండి ఎక్కించటానికి నేనూ పాపా స్టేషనుకి వెళ్లాం. ఆవిడ ఒక్కరే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. బండి కదలటానికి ఇంకా టైముంది. పాప ప్లాట్‌ఫారం మీద గీతలు లెక్కపెడుతోంది.

"దసరా సెలవులకి దాన్ని పంపిస్తాను" అన్నాను. "ఆయన దింపి వస్తారు. నేను రాను. అదొక్కటే ఉంటుంది మీ దగ్గర."

ఆ మాట చెప్పేముందు నేను ఆలోచించలేదు. చెప్పాక కూడా లోపల ఏమీ కదల్లేదు. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని ఉన్నారు.

"ఎన్ని రోజులు?"

"సెలవులన్ని రోజులూ."

"రాత్రిపూట ఒళ్లు వెచ్చబడితే?"

"మీరున్నారుగా."

ఆవిడ ముఖం పక్కకి తిప్పుకున్నారు. బండి కదిలేటప్పుడు మాత్రం, "దసరాకి వానలుంటాయి, మందంగా ఉండే గౌన్లు పెట్టు" అన్నారు.

ఇది రాస్తున్నది దసరా సెలవుల ముందు రోజు. అందరూ పడుకున్నారు. మందంగా ఉండే గౌన్లు నాలుగు పెట్టాను, జ్వరం మందు సీసా పెట్టి, ఎంత పొయ్యాలో కాగితం మీద రాసి పెట్టాను, మళ్లీ ఆ కాగితం తీసేశాను. ఆవిడకి తెలుసు. మళ్లీ పెట్టాను. పొద్దున ఏడింటి బండికి తండ్రీ కూతుళ్లు వెళ్తారు. నేను స్టేషను దాకా వెళ్తానో, గుమ్మం దగ్గరే ఆగుతానో ఇంకా తేల్చుకోలేదు. పదిన్నరకి నాకు పాఠం ఉంది.